యూనిట్ – 7 : లెక్క కలిస్తే చాలా? లెవోయిజర్ గ్రంథంలో ద్రవ్యనిత్యత్వ నియమం – విమర్శనాత్మక పరిశీలన

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 విషయ పరిచయం
7.2 గ్రంథం, గ్రంథకర్త
7.3 లెవోయిజర్‌కు ముందు తూకాలు
7.4 గ్రంథంలో నియమం కనిపించే చోటు
7.5 510 పౌండ్ల పట్టిక
7.6 45 గ్రెయిన్ల పాదరస భస్మం
7.7 గ్రంథం గొప్పతనం, పరిమితి
7.8 నియమానికి తరువాత జరిగిన పరీక్షలు
7.9 మన పాఠాలలో ఈ నియమం
7.10 సారాంశం
7.11 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు
7.12 నమూనా పరీక్షా ప్రశ్నలు
7.13 పదకోశం

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను అధ్యయనం చేసిన తరువాత మీరు:

• ద్రవ్యనిత్యత్వ నియమాన్ని లెవోయిజర్ తన గ్రంథంలో ఏ సందర్భంలో, ఏ రూపంలో చెప్పాడో వివరించగలుగుతారు.
• ఆయన ఇచ్చిన కిణ్వప్రక్రియ పట్టికను నేటి విలువలతో పోల్చి, అందులోని బలాన్నీ లోపాన్నీ వేరుచేసి చూపగలుగుతారు.
• మొత్తం కలవడానికీ, ప్రతి పద్దు సరైనది కావడానికీ ఉన్న తేడాను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• ఒక ప్రయోగంలో తూకం తేడా వచ్చినప్పుడు ఆ తేడా ఎక్కడిదో వెతకగలుగుతారు.

7.1 విషయ పరిచయం

ద్రవ్యనిత్యత్వ నియమం మీకు కొత్త కాదు. రసాయన చర్యకు ముందు ఎంత ద్రవ్యరాశి ఉందో, చర్య తరువాత కూడా అంతే ఉంటుందని తొమ్మిదో తరగతిలోనే చదివారు. దాని పక్కనే లెవోయిజర్ ఈ నియమాన్ని ప్రయోగం ద్వారా నిరూపించాడనే వాక్యం కూడా చదివి ఉంటారు. పరీక్షలో ఆ రెండు వాక్యాలు రాసి మార్కులు తెచ్చుకున్నాం. మొదటి వాక్యంతో మనకు పేచీ లేదు. ఈ యూనిట్‌లో పరిశీలించబోయేది రెండో వాక్యాన్ని.

లెవోయిజర్ నిజంగా ఈ నియమాన్ని నిరూపించాడా? ఆయన పుస్తకాన్ని తెరిచి చూస్తే మనం ఊహించని దృశ్యం కనిపిస్తుంది. నియమం అక్కడ ఉంది, కానీ ప్రయోగం చివర వచ్చిన ఫలితంగా లేదు. ప్రయోగం మొదలుపెట్టడానికి ముందే ఒప్పుకోవలసిన షరతుగా ఉంది. ఆ షరతును ఆధారం చేసుకుని ఆయన ఇచ్చిన అతి ప్రసిద్ధమైన పట్టికలో మొత్తం చివరి గ్రెయిన్ వరకు కలుస్తుంది. విడివిడి అంకెలు మాత్రం చాలావరకు తప్పు.

ఇది లెవోయిజర్‌ను తక్కువ చేయడానికి చెబుతున్న మాట కాదు. ప్రయోగశాలకు ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే వెళ్లగలిగే దూరవిద్యా విద్యార్థికి నియమాలన్నీ పుస్తకం ద్వారానే అందుతాయి. కాబట్టి ఒక నియమం దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు అనే విచక్షణ కూడా చదవడం ద్వారానే అలవడాలి. అందుకు ఈ గ్రంథం మంచి పాఠం.

7.2 గ్రంథం, గ్రంథకర్త

ఆంటోనీ లారెంట్ లెవోయిజర్ 1743లో పారిస్‌లో జన్మించాడు. 1768లో ఫ్రెంచి విజ్ఞానశాస్త్ర అకాడమీలో సభ్యుడయ్యాడు. అదే ఏడాది రాజుగారి తరఫున పన్నులు వసూలు చేసే గుత్తేదారుల సంస్థలో వాటా తీసుకున్నాడు. 1775 నుంచి తుపాకిమందు తయారీ వ్యవహారాలు చూస్తూ పారిస్ ఆయుధశాలలో నివసించాడు, అక్కడే తన ప్రయోగశాలను ఏర్పాటు చేసుకున్నాడు. విప్లవకాలంలో, పన్నుల గుత్తేదారుగా ఉన్న కారణంగా, 1794 మే 8న ఆయనకు మరణశిక్ష అమలుచేశారు.

ఆయన రాసిన ‘రసాయనశాస్త్ర ప్రాథమిక గ్రంథం’ 1789లో వెలువడింది. మరుసటి ఏడాదే రాబర్ట్ కెర్ ఆంగ్లంలోకి అనువదించాడు. గ్రంథం మూడు భాగాలు. మొదటిది వాయువులు, దహనం, ఆమ్లాల గురించి. రెండోది ఆమ్లాలు, క్షారాల సంయోగాల పట్టికలు. మూడోది పరికరాలు, ప్రయోగ విధానాలు. పరికరాలను చూపే 13 చిత్రఫలకాలను ఆయన భార్య మారీ ఆన్ పాల్జ్ గీసింది.

ఒకవైపు పన్నుల లెక్కలు, మరోవైపు త్రాసు తూకాలు. ఈ రెండు పనుల మధ్య పోలికను చాలామంది గుర్తించారు. వ్యాపారి చిట్టాలో జమ, ఖర్చు ఉన్నట్లే లెవోయిజర్ ప్రయోగంలో ఇచ్చినవి, వచ్చినవి ఉంటాయి. ఆ పోలికను మనం కూడా ఈ యూనిట్‌లో వాడుకుందాం.

7.3 లెవోయిజర్‌కు ముందు తూకాలు

త్రాసును రసాయనశాస్త్రంలోకి తెచ్చింది లెవోయిజరేనని కొన్ని పుస్తకాలు రాస్తాయి. అది సరికాదు. ఆయనకు ముందు కూడా తూచినవారు ఉన్నారు. వారి చిట్టాలలో ఉన్న లోపం వేరు.

వాన్ హెల్‌మాంట్ చేసిన ప్రయోగం చూడండి. ఎండబెట్టిన 200 పౌండ్ల మట్టిని తొట్టిలో పోసి, 5 పౌండ్ల విల్లో మొక్కను నాటి, నీరు మాత్రమే పోస్తూ పెంచాడు. 5 సంవత్సరాల తరువాత చెట్టు బరువు 169 పౌండ్లు దాటింది. మట్టి మాత్రం సుమారు 2 ఔన్సులే తగ్గింది. కాబట్టి చెట్టు మొత్తం నీటి నుంచే తయారైందని ఆయన తేల్చాడు. 1648లో, ఆయన మరణానంతరం, ఈ ఫలితం అచ్చయింది.

ఇక్కడ ద్రవ్యం నిత్యమనే భావన ఆయనకు లేకపోలేదు. అది ఉంది కాబట్టే, మట్టి తగ్గలేదు గనుక నీరే చెట్టుగా మారిందని వాదించగలిగాడు. తప్పు ఎక్కడ జరిగింది? చిట్టాలో గాలికి పద్దు లేదు. చెట్టు గాలి నుంచి తీసుకున్న కార్బన్ డై ఆక్సైడ్ ఆయన లెక్కలోకి రాలేదు. ‘గ్యాస్’ అనే మాటను శాస్త్రానికి ఇచ్చింది కూడా ఈయనే కావడం గమనించదగ్గ విషయం. బొగ్గు కాలినప్పుడు వాయువు బయటకు పోతుందని ఆయనకు తెలుసు. అదే వాయువు చెట్టులోకి రాగలదన్న ఆలోచన మాత్రం రాలేదు.

రాబర్ట్ బాయిల్ 1673లో ప్రచురించిన ప్రయోగాలలో లోహాలను మూసిన గాజుపాత్రల్లో వేడిచేశాడు. పాత్ర తెరిచిన తరువాత తూచి, బరువు పెరిగిందని చూసి, నిప్పు కణాలు గాజులోంచి లోపలికి వచ్చాయని భావించాడు. తెరిచినప్పుడు లోపలికి వెళ్లిన గాలి ఆయన లెక్కలో లేదు. రష్యాలో లొమొనోసొవ్ 1756లో ఈ ప్రయోగాన్ని మళ్లీ చేసి, బయటి గాలిని రానివ్వకపోతే బరువు మారదని గమనించాడు. అదే సంవత్సరం స్కాట్లండ్‌లో జోసెఫ్ బ్లాక్, మెగ్నీషియం కార్బొనేటును వేడిచేసినప్పుడు తగ్గిన బరువు బయటకు పోయిన వాయువుదేనని తూకాలతో చూపాడు. 1774లో లెవోయిజర్ తగరాన్ని మూసిన పాత్రలో వేడిచేసి, తెరవకముందే ఒకసారి, తెరిచాక మరోసారి తూచాడు. మొదటి తూకంలో మార్పు లేదు. తెరిచి గాలి లోపలికి వెళ్లాకే బరువు పెరిగింది.

ఈ వరుసను బట్టి మనకు తెలిసేది ఏమిటి? ద్రవ్యం పుట్టదు, పోదు అనే నమ్మకం పాతదే. కొత్తగా వచ్చింది వాయువుకు చిట్టాలో ఒక గడి. లెవోయిజర్ చేసిన పని ఆ గడిని ఏ ప్రయోగంలోనూ ఖాళీగా వదలకూడదనే క్రమశిక్షణను రసాయనశాస్త్రం మొత్తానికి అలవాటు చేయడం.

7.4 గ్రంథంలో నియమం కనిపించే చోటు

ఇంత ముఖ్యమైన నియమం గ్రంథం మొదటి పుటల్లో ఉంటుందని అనుకుంటాం. అక్కడ లేదు. దానికంటూ ప్రత్యేక అధ్యాయమూ లేదు. మొదటి భాగం 13వ అధ్యాయంలో, ద్రాక్షరసం పులిసి మద్యంగా మారే విషయాన్ని చర్చిస్తున్నప్పుడు, దారిలో వచ్చిన మాటగా కనిపిస్తుంది.

అక్కడ లెవోయిజర్ చెప్పిన దాని సారాంశం ఇది. మనిషి చేసే ప్రక్రియలోగాని, ప్రకృతి చేసే ప్రక్రియలోగాని కొత్తగా ఏదీ సృష్టి కాదు. ప్రతి ప్రక్రియకు ముందు, తరువాత ద్రవ్యం సమానంగా ఉంటుందనీ, అందులోని మూలకాల రకాలు, పరిమాణాలు కూడా మారవనీ, మారేది వాటి కూర్పు మాత్రమేననీ స్వీకృతంగా తీసుకోవచ్చు. రసాయన ప్రయోగాలు చేసే విద్య అంతా ఈ సూత్రం మీదే నిలుస్తుంది. కాబట్టి పరీక్షించే వస్తువులోని అంశాలకూ, విశ్లేషణలో దొరికిన అంశాలకూ మధ్య సమీకరణం ఉందని అనుకోవాలి. ద్రాక్షరసం ఒకవైపు, కార్బానిక్ ఆమ్లం, ఆల్కహాల్ మరొకవైపు పెట్టి సమానం గుర్తు వేయవచ్చు. ఆయన ‘కార్బానిక్ ఆమ్లం’ అన్నది నేటి కార్బన్ డై ఆక్సైడ్.

‘స్వీకృతం’ అనే మాటను గట్టిగా గుర్తుంచుకోండి. రేఖాగణితంలో స్వీకృతాన్ని ఎవరూ నిరూపించరు. దాన్ని ఒప్పుకుని మిగతావాటిని నిరూపిస్తారు. ద్రవ్యనిత్యత్వానికి లెవోయిజర్ ఇచ్చిన స్థానం అదే. మన పాఠ్యపుస్తకాలు ‘నిరూపించాడు’ అన్నచోట ఆయన స్వయంగా వాడిన మాట అది కాదు.

మరి కిణ్వప్రక్రియ దగ్గరే ఈ మాట ఎందుకు వచ్చింది? తాటికల్లు కుండలో నురగ పొంగడం మీలో చాలామంది చూసే ఉంటారు. వాయువు పైకి పోతుంది, తీపి తగ్గుతుంది, మత్తు పెరుగుతుంది, మడ్డి అడుగున చేరుతుంది. అన్నీ ఒకేసారి జరుగుతాయి. వీటిలో ప్రతిదాన్నీ పట్టి తూచడం చాలా కష్టం. కొన్ని తెలిసినప్పుడు మిగతావి లెక్కగట్టాలంటే రెండువైపులా సమానమనే భరోసా కావాలి. అంటే అందుబాటులో లేని పద్దును తేల్చడానికే ఆయనకు ఈ నియమం అవసరమైంది.

7.5 510 పౌండ్ల పట్టిక

ఇప్పుడు ఆయన ఇచ్చిన లెక్క చూద్దాం. ద్రాక్షరసంలో అనేక పదార్థాలు ఉంటాయి కాబట్టి ఆయన చక్కెర, నీరు, ఈస్ట్ తీసుకున్నాడు. నాటి ఫ్రెంచి పౌండు సుమారు 490 గ్రాములు. 72 గ్రెయిన్లు ఒక గ్రో, 8 గ్రోలు ఒక ఔన్సు, 16 ఔన్సులు ఒక పౌండు.

పట్టిక 7.1 : ఇచ్చినవి

నీరు : 400 పౌండ్లు
చక్కెర : 100 పౌండ్లు
ఈస్ట్ ముద్దలోని నీరు : 7 పౌండ్లు, 3 ఔన్సులు, 6 గ్రోలు, 44 గ్రెయిన్లు
పొడి ఈస్ట్ : 2 పౌండ్లు, 12 ఔన్సులు, 1 గ్రో, 28 గ్రెయిన్లు
మొత్తం : 510 పౌండ్లు

పట్టిక 7.2 : వచ్చినవి

కార్బానిక్ ఆమ్లం : 35 పౌండ్లు, 5 ఔన్సులు, 4 గ్రోలు, 19 గ్రెయిన్లు
నీరు : 408 పౌండ్లు, 15 ఔన్సులు, 5 గ్రోలు, 14 గ్రెయిన్లు
ఆల్కహాల్ : 57 పౌండ్లు, 11 ఔన్సులు, 1 గ్రో, 58 గ్రెయిన్లు
అసిటిక్ ఆమ్లం : 2 పౌండ్లు, 8 ఔన్సులు
మిగిలిన చక్కెర : 4 పౌండ్లు, 1 ఔన్సు, 4 గ్రోలు, 3 గ్రెయిన్లు
పొడి ఈస్ట్ : 1 పౌండు, 6 ఔన్సులు, 50 గ్రెయిన్లు
మొత్తం : 510 పౌండ్లు

కాగితం, పెన్ను తీసుకుని పట్టిక 7.2ను మీరే కూడండి. గ్రెయిన్లు 144, అంటే 2 గ్రోలు. గ్రోలు కలిపితే 16, అంటే 2 ఔన్సులు. ఔన్సులు 48, అంటే 3 పౌండ్లు. పౌండ్లు 507, వచ్చిన 3 కలిపితే సరిగ్గా 510. ఒక్క గ్రెయిన్ కూడా తేడా లేదు.

ఇప్పుడు నేటి జ్ఞానంతో పోల్చండి. 342 గ్రాముల చక్కెర 18 గ్రాముల నీటిని కలుపుకుని పూర్తిగా పులిస్తే 184 గ్రాముల ఆల్కహాల్, 176 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ వస్తాయి. లెవోయిజర్ ప్రయోగంలో ఖర్చయిన చక్కెర దాదాపు 96 పౌండ్లు. ఈ నిష్పత్తి ప్రకారం కార్బన్ డై ఆక్సైడ్ సుమారు 49 పౌండ్లు రావాలి. ఆయన చూపింది 35. ఆల్కహాల్ ఎంత ఎక్కువ వచ్చినా 52 పౌండ్లకు మించకూడదు. ఆయన చూపింది దాదాపు 58. నీరు 5 పౌండ్ల వరకు తగ్గాలి. ఆయన లెక్కలో దాదాపు 2 పౌండ్లు పెరిగింది.

మూలకాల స్థాయిలో చూస్తే తేడా ఇంకా పెద్దది. చక్కెరలో నూటికి 28 పాళ్లు కార్బన్ ఉందని లెవోయిజర్ తీసుకున్నాడు. నిజానికి అది 42. ఆల్కహాల్‌లో ఆయన లెక్క ప్రకారం కార్బన్ నూటికి 29 పాళ్లు వస్తుంది. నిజానికి అది 52. చక్కెరలో కార్బన్‌ను తక్కువ చేసి రాసినందువల్ల, ఆల్కహాల్‌లో తక్కువ పడిన కార్బన్ బయటపడలేదు. జమలో ఒక తప్పు, ఖర్చులో ఒక తప్పు పడి, చిట్టా కలిసిపోయింది.

విడివిడిగా తూచిన ఆరు పద్దుల మొత్తం ఒక్క గ్రెయిన్ తేడా లేకుండా రావడం ఏ ప్రయోగంలోనూ సాధ్యం కాదు. తూకంలో ఎప్పుడూ కొంత దోషం ఉంటుంది. కాబట్టి కనీసం ఒక పద్దును మిగతావాటి నుంచి తీసివేత ద్వారా రాబట్టి ఉండాలని మనం అనుమానించవచ్చు. అలా రాబట్టిన అంకెతో మొత్తం కలిసిందంటే అది నియమానికి రుజువు కాదు. నియమాన్ని ఒప్పుకుని పద్దు రాశాం కాబట్టి కలిసింది.

ఇక్కడ లెవోయిజర్ నిజాయితీని కూడా చెప్పుకోవాలి. ఇలాంటి ప్రయోగాలకు గ్రెయిన్ల వరకు ఖచ్చితత్వం ఉండదని ఆయనే రాశాడు. తాను కొద్ది పౌండ్ల చక్కెరతో ప్రయోగం చేసి, పోల్చడానికి వీలుగా 100 పౌండ్లకు పెంచి లెక్కగట్టినందువల్ల ఆ చిన్న అంకెలు వచ్చాయని చెప్పాడు. తరువాతి పాఠకులు పట్టికను చూసి మెచ్చుకున్నారు, దాని కింద ఉన్న ఈ హెచ్చరికను చాలామంది వదిలేశారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

1. వాన్ హెల్‌మాంట్ లెక్కలో లేని పద్దు ఏది?
2. ద్రవ్యనిత్యత్వాన్ని లెవోయిజర్ ‘స్వీకృతం’గా తీసుకున్నాడంటే అర్థం ఏమిటి?
3. పట్టిక 7.2లో మొత్తం సరిగా ఉన్నా, పద్దులు తప్పని ఎలా చెప్పగలం?

7.6 45 గ్రెయిన్ల పాదరస భస్మం

ఒక్క పట్టికను చూసి లెవోయిజర్ కొలతలన్నీ ఇంతేనని తీర్పు చెప్పకూడదు. అదే గ్రంథం మొదటి భాగంలో, 3వ అధ్యాయంలో, మరో ప్రయోగం ఉంది. 4 ఔన్సుల పాదరసాన్ని గాజుపాత్రలో, 50 ఘనపు అంగుళాల గాలితో కలిపి, 12 రోజులు వేడిచేశాడు. పాదరసం మీద ఎర్రని భస్మం ఏర్పడింది. గాలి 42, 43 ఘనపు అంగుళాలకు తగ్గింది. ఆ భస్మాన్ని పోగుచేస్తే 45 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల కంటే తక్కువ. దాన్ని మళ్లీ గట్టిగా వేడిచేస్తే 41.5 గ్రెయిన్ల పాదరసం, 7 నుంచి 8 ఘనపు అంగుళాల వాయువు వచ్చాయి.

నేటి పరమాణు భారాల ప్రకారం 45 గ్రెయిన్ల మెర్క్యురిక్ ఆక్సైడ్ నుంచి 41.7 గ్రెయిన్ల పాదరసం రావాలి. లెవోయిజర్‌కు వచ్చింది 41.5. రెండు శతాబ్దాల నాటి పరికరాలతో ఇంత దగ్గరగా రావడం మెచ్చుకోదగ్గ విషయం.

ఒకే మనిషి, ఒకే పుస్తకం. ఒకచోట అంత ఖచ్చితత్వం, మరోచోట అంత తప్పు. కారణం ప్రయోగాల స్వభావంలో ఉంది. పాదరసం విషయంలో పదార్థాలు మూడే. ప్రతిదాన్నీ విడిగా పట్టుకోవచ్చు. అంతకంటే ముఖ్యంగా, ప్రయోగాన్ని రెండు దిశలలో చేశాడు. గాలి నుంచి తగ్గిన ఘనపరిమాణం, భస్మం నుంచి తిరిగి వచ్చిన ఘనపరిమాణం రెండూ 7, 8 ఘనపు అంగుళాలే. ఒకదాన్ని మరొకదాని నుంచి తీసివేతతో రాబట్టలేదు. రెండు వేర్వేరు సాక్ష్యాలు ఒకే మాట చెప్పాయి. కిణ్వప్రక్రియ పట్టికకు అటువంటి రెండో సాక్ష్యం లేదు.

7.7 గ్రంథం గొప్పతనం, పరిమితి

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి 510 పౌండ్ల పట్టిక విలువలేనిదని అనుకోకండి. తప్పు అంకెలున్నా ఆ పట్టిక రసాయనశాస్త్రాన్ని ముందుకు నడిపింది. అంతకుముందు కిణ్వప్రక్రియ గురించి రాసినవారి మాటలను కాదనడానికి పట్టు దొరికేది కాదు, ఎందుకంటే వాటిలో వర్ణన ఉండేదిగాని లెక్క ఉండేది కాదు. లెవోయిజర్ ప్రతి పద్దుకు ఒక అంకె వేశాడు. ఇది తప్పు అని వేలుపెట్టి చూపడానికి తరువాతివారికి వీలు కలిగింది.

1860లో లూయీ పాశ్చర్ కిణ్వప్రక్రియలో ఆల్కహాల్, కార్బన్ డై ఆక్సైడ్‌తో పాటు గ్లిసరాల్, సక్సినిక్ ఆమ్లం కూడా ఏర్పడతాయని చూపాడు. చక్కెర అంతా రెండు పదార్థాలుగానే మారుతుందన్న సమీకరణానికీ, నిజంగా వచ్చే పరిమాణాలకూ మధ్య ఉన్న తేడా అప్పుడు అర్థమైంది. తేడా ఉందని తెలియాలంటే ముందు రెండువైపులా లెక్క వేయాలి. ఆ అలవాటు ఈ గ్రంథం నుంచి వచ్చిందే. లెవోయిజర్ పద్ధతితోనే లెవోయిజర్ అంకెలను సవరించారు. ఒక గ్రంథానికి ఇంతకంటే గౌరవం ఏముంటుంది?

గ్రంథం పరిమితిని కూడా చూడాలి. లెవోయిజర్ ఇచ్చిన 33 సరళ పదార్థాల పట్టికలో మొదటి వరుసల్లోనే కాంతి, ‘కెలోరిక్’ కనిపిస్తాయి. కెలోరిక్ అంటే వేడికి కారణమని ఆయన భావించిన, బరువులేని పదార్థం. అప్పటివరకు దహనాన్ని వివరించిన ఫ్లోజిస్టన్‌ను ఆయన త్రాసు సాయంతోనే తోసిపుచ్చాడు. కానీ కెలోరిక్‌కు బరువే లేదన్నప్పుడు దాన్ని త్రాసు ఎలా పట్టుకుంటుంది? తూకానికి అందనిది తనిఖీకి కూడా అందలేదు. చిట్టా ఎంత క్రమంగా రాసినా, అందులో గడి లేని విషయం గురించి అది ఏమీ చెప్పలేదు. వాన్ హెల్‌మాంట్‌కు గాలి విషయంలో జరిగినదే లెవోయిజర్‌కు వేడి విషయంలో జరిగింది.

7.8 నియమానికి తరువాత జరిగిన పరీక్షలు

మరి ఈ స్వీకృతాన్ని నిజంగా పరీక్షకు పెట్టినవారు ఎవరు? బెర్లిన్‌లో హాన్స్ లాండోల్ట్ ఏళ్ల తరబడి ఈ పని చేశాడు. రెండు చేతులున్న గాజునాళంలో ఒక్కో చేతిలో ఒక్కో ద్రావణం పోసి మూసివేసేవాడు. తూచి, నాళాన్ని వంచి ద్రావణాలను కలిపి, చర్య పూర్తయ్యాక మళ్లీ తూచేవాడు.

మొదట్లో అతి స్వల్పంగా బరువు తగ్గినట్లు కనిపించింది. ఆయన నియమం తప్పిందని ప్రకటించలేదు, ఆ తేడాను పక్కకు నెట్టేయనూలేదు. దానికి కారణం వెతికాడు. చర్యలో పుట్టిన వేడికి గాజు బయటి తలం మీది తేమ పోవడం, గాజు కొద్దిగా వ్యాకోచించి వెంటనే పూర్వస్థితికి రాకపోవడం ఆ కారణాలు. వాటిని సవరించాక, 1908 నాటికి, కోటి వంతుల్లో ఒక వంతు వరకు కూడా మార్పు కనబడలేదని తేల్చాడు. ‘ప్రయోగం ద్వారా నిరూపించాడు’ అనే వాక్యం ఎవరికైనా తగితే అది లాండోల్ట్‌కు, అది కూడా ‘ఈ హద్దు వరకు’ అనే మాట చేర్చి.

ఈలోపు 1905లో ఐన్‌స్టీన్ ద్రవ్యరాశికీ శక్తికీ ఉన్న సంబంధాన్ని చెప్పాడు. దాని ప్రకారం వేడి బయటకు పోతే ద్రవ్యరాశి కూడా తగ్గాలి. ఎంత? 12 గ్రాముల కార్బన్ 32 గ్రాముల ఆక్సిజన్‌లో కాలినప్పుడు సుమారు 393 కిలోజౌళ్ల వేడి వస్తుంది. దానికి సమానమైన ద్రవ్యరాశి ఒక గ్రాములో వంద కోట్ల వంతులు చేస్తే సుమారు నాలుగున్నర వంతులు. మొత్తం 44 గ్రాములతో పోలిస్తే అది వెయ్యి కోట్లలో ఒక వంతు. లాండోల్ట్ త్రాసు కంటే వెయ్యి రెట్లు సూక్ష్మమైన త్రాసు ఉంటేనే అది కనిపిస్తుంది. కాబట్టి రసాయన చర్యలకు నియమాన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు. అయితే లెవోయిజర్ చిట్టాలో ఖాళీగా ఉన్న వేడి గడికి చివరకు ఒక అంకె దొరికిందని గుర్తించండి.

7.9 మన పాఠాలలో ఈ నియమం

పాఠశాలలో ఈ నియమానికి చూపే ప్రయోగం మీకు గుర్తుండే ఉంటుంది. శాంకవ కుప్పెలో లెడ్ నైట్రేట్ ద్రావణం, దారంతో వేలాడదీసిన చిన్న నాళికలో పొటాషియం అయోడైడ్ ద్రావణం. కుప్పెకు బిరడా పెట్టి తూచి, వంచి కలిపితే పసుపు అవక్షేపం వస్తుంది. తూకం మారదు. ప్రయోగంలో తప్పు లేదు. కానీ ఈ చర్యలో వాయువు రాదు, పోదు. బిరడా తీసేసినా తూకం దాదాపు అంతే ఉంటుంది. నియమానికి ఏ ఇబ్బందీ కలగని ఉదాహరణను ఎంచుకుని, నియమం గెలిచిందని చెప్పడం వల్ల విద్యార్థికి కొత్తగా తెలిసేది తక్కువ.

దీనికి బదులు ఈ ప్రయోగాన్ని ఆలోచించండి. ప్లాస్టిక్ సీసాలో సరిపడినంత వెనిగర్ పోయండి. 8.4 గ్రాముల వంటసోడాను బెలూన్‌లో వేసి, బెలూన్‌ను సీసా మూతికి బిగించి తూచండి. తరువాత సోడాను వెనిగర్‌లోకి వంచండి. చర్య పూర్తయితే 4.4 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది. గది ఉష్ణోగ్రత వద్ద దాని ఘనపరిమాణం సుమారు 2.4 లీటర్లు. బెలూన్ ఉబ్బుతుంది. (వాయువు వచ్చే చర్యలలో గాజుసీసాకు గట్టి బిరడా ఎప్పుడూ బిగించకండి, పగిలే ప్రమాదం ఉంది.) ఇప్పుడు మళ్లీ తూస్తే ఏమవుతుంది? ఏదీ బయటకు పోలేదు. అయినా త్రాసు రెండు, మూడు గ్రాములు తక్కువ చూపుతుంది.

నియమం తప్పిందా? లేదు. ఉబ్బిన బెలూన్ తన ఘనపరిమాణానికి సమానమైన గాలిని పక్కకు నెట్టింది. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. నెట్టిన గాలి బరువంత మేర బెలూన్ పైకి తేలుతుంది, ఆ మేరకు త్రాసు తక్కువ చూపుతుంది. నియమం మీద నమ్మకం ఉంది కాబట్టే మీరు ఈ కారణాన్ని వెతుకుతారు. నియమం చేసే అసలు పని ఇదే. లెక్క తేలనప్పుడు ఊరుకోవద్దని, ఏదో పద్దు తప్పిపోయిందని అది చెబుతుంది.

నియమం చేయలేని పనికీ ఒక ఉదాహరణ చూద్దాం. కాపర్, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసి కాపర్ క్లోరైడ్, హైడ్రోజన్ ఇస్తాయని ఒక సమీకరణం రాయండి. ఒక కాపర్ పరమాణువుకు రెండు ఆమ్ల అణువులు తీసుకుంటే సమీకరణం చక్కగా తుల్యమవుతుంది. కానీ కాపర్ ముక్కను ఆ ఆమ్లంలో వేస్తే హైడ్రోజన్ రాదు. కాగితం మీద తుల్యమైన ప్రతి సమీకరణం పాత్రలో జరిగే చర్య కాదు. సమీకరణాన్ని తుల్యం చేయడమే రసాయనశాస్త్రం అనుకునే విద్యార్థి, 510 పౌండ్ల మొత్తాన్ని చూసి సంతృప్తిపడిన పాఠకుడు ఒకే పొరపాటు చేస్తున్నారు.

కాబట్టి మీ రికార్డు పుస్తకంలో తూకం రెండువైపులా సరిగ్గా సమానం రాకపోతే, సమానంగా కనిపించేలా అంకె దిద్దకండి. వచ్చిన తేడాను వచ్చినట్లే రాసి, దానికి మీరు ఊహించే కారణాన్ని పక్కన రాయండి. అలా రాసిన తేడా నుంచి నేర్చుకోవచ్చు. దిద్దిన అంకె నుంచి నేర్చుకునేది ఏమీ ఉండదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

4. పాదరస ప్రయోగం కిణ్వప్రక్రియ పట్టిక కంటే ఎందుకు నమ్మదగినది?
5. మూసిన బెలూన్ ప్రయోగంలో త్రాసు తక్కువ ఎందుకు చూపుతుంది?

7.10 సారాంశం

లెవోయిజర్ 1789 నాటి గ్రంథంలో ద్రవ్యనిత్యత్వం ప్రయోగ ఫలితంగా కాక, ప్రయోగానికి ముందు ఒప్పుకునే స్వీకృతంగా కనిపిస్తుంది. ఆయనకు ముందున్నవారి లోపం నియమం తెలియకపోవడం కాదు, వాయువును లెక్కలో చేర్చకపోవడం. కిణ్వప్రక్రియ పట్టికలో మొత్తం సరిగ్గా కలిసినా కార్బన్ డై ఆక్సైడ్, ఆల్కహాల్, నీటి పద్దులు, చక్కెర, ఆల్కహాల్‌ల కార్బన్ శాతాలు తప్పు. పాదరస ప్రయోగంలో రెండు వేర్వేరు సాక్ష్యాలు ఉన్నందువల్ల అంకెలు నిలిచాయి. నియమాన్ని సూక్ష్మంగా పరీక్షించినవాడు లాండోల్ట్. నియమం తప్పిపోయిన పద్దును వెతికిస్తుంది, రాసిన పద్దు నిజమని హామీ ఇవ్వదు.

7.11 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1. గాలి నుంచి చెట్టు తీసుకున్న కార్బన్ డై ఆక్సైడ్.
2. దాన్ని నిరూపించకుండా ముందుగా ఒప్పుకుని, దాని ఆధారంగా తెలియని పరిమాణాలను లెక్కగట్టాడని అర్థం.
3. ఖర్చయిన చక్కెర నుంచి నేటి నిష్పత్తుల ప్రకారం రావలసిన పరిమాణాలతో పోల్చడం ద్వారా. ఒక తప్పు మరో తప్పును కప్పినందువల్ల మొత్తం మారలేదు.
4. పదార్థాలు తక్కువ, ప్రతిదాన్నీ విడిగా కొలవవచ్చు, ప్రయోగాన్ని రెండు దిశలలో చేసి సరిచూశాడు.
5. ఉబ్బిన బెలూన్ పక్కకు నెట్టిన గాలి బరువంత ఉత్ప్లవన బలం దానిపై పనిచేస్తుంది కాబట్టి.

7.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘లెవోయిజర్ ద్రవ్యనిత్యత్వ నియమాన్ని ప్రయోగం ద్వారా నిరూపించాడు’ అనే వాక్యాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. 510 పౌండ్ల పట్టికలోని గుణదోషాలను నేటి విలువలతో పోల్చి చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. లాండోల్ట్ తనకు కనిపించిన స్వల్ప తేడాలను ఎలా పరిష్కరించాడు?
2. తుల్య సమీకరణం రాయగలిగినంత మాత్రాన చర్య జరుగుతుందని చెప్పవచ్చా? ఉదాహరణతో వివరించండి.
3. కెలోరిక్ భావన త్రాసు పరీక్షకు ఎందుకు దొరకలేదు?

7.13 పదకోశం

స్వీకృతం : రుజువు కోరకుండా ముందుగా ఒప్పుకునే సూత్రం.
కిణ్వప్రక్రియ : ఈస్ట్ వంటి సూక్ష్మజీవుల వల్ల చక్కెర ఆల్కహాల్, కార్బన్ డై ఆక్సైడ్‌గా మారే ప్రక్రియ, పులియడం.
భస్మం : లోహాన్ని గాలిలో వేడిచేసినప్పుడు ఏర్పడే పదార్థానికి పాత పేరు, నేటి పరిభాషలో ఆక్సైడ్.
అవక్షేపం : రెండు ద్రావణాలు కలిసినప్పుడు కరగకుండా వేరుపడే ఘనపదార్థం.
ఉత్ప్లవన బలం : గాలి లేదా ద్రవం తనలోని వస్తువును పైకి నెట్టే బలం.